పగటి పూట సాయంకాల ప్రార్థన

"అమ్మా, ప్రార్థనకి టైమైంది. రా."

అది మా అన్నయ్య గొంతు. అప్పుడు పొద్దున పదకొండు గంటలు, వరండాలో ఎండ చురుక్కుమంటోంది. అన్నయ్యను మట్టిలో పెట్టి వచ్చి రెండు నెలలు దాటింది. ఆ గొంతు వినగానే అమ్మ మంచం మీంచి లేచింది. కొంగు తల మీదకు లాక్కుంది, కిటికీ తలుపులు మూసింది, లైటు వేసింది, గోడ పక్కన తన పీట మీద కూర్చుంది. తర్వాత నా వైపు చూసి, "రావేటి? పిలుస్తన్నాడు కదా" అంది.

ఇది దయ్యాల కథ కాదని ముందే చెప్పేస్తున్నాను. మూడు తరాలుగా మాది క్రైస్తవ సంఘంలో ఉన్న కుటుంబం, దయ్యాలకు భయపడే అలవాటు మాకు లేదు. పైగా ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు తెలుసు. వేళ కాని వేళలో ఎందుకు వస్తోందో కూడా తెలుసు. బళ్ళో పిల్లలకు అవన్నీ విప్పి చెప్పడమే నా ఉద్యోగం. అంత తెలిసీ ఆ రోజు నా ఒళ్ళు జలదరించింది. చదువుకున్న చదువు ఆ నిమిషంలో నాకు చిల్లిగవ్వంత కూడా అక్కరకు రాలేదు.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి, బెంగాల్‌లో హుగ్లీ నదికి హౌరా గట్టున షాలిమార్‌లో దిగాడు. నాన్నా, తర్వాత అన్నయ్యా ఇద్దరూ సిగ్నళ్ళ పనే చేశారు. క్వార్టర్ ఖాళీ చేశాక గూడ్సు యార్డు గోడకు ఇవతల సందులో రెండు గదుల ఇంట్లోకి మారాం. అన్నయ్య పెళ్ళి చేసుకోలేదు. నేను చేసుకున్నాను గానీ, మా ఆయన పోయాక అమ్మ దగ్గరికే వచ్చేశాను. అలా ఆ ఇంట్లో ముగ్గురం మిగిలాం. ముగ్గురికీ ముక్కు మీదే కోపం.

మా ఇంట్లో టైమంటే రైల్వే టైమే. నాన్న డ్యూటీ దిగి రాగానే తన చేతి గడియారం చూసి గోడ గడియారం సరిచేసేవాడు. నాన్న పోయాక ఆ పని అన్నయ్య చేతికి వచ్చింది. అమ్మ తన జన్మలో ముళ్ళు చూసి టైము చెప్పి ఎరగదు. ఇంట్లో సిగ్నల్ మనిషి చెప్పాలి, ఆవిడ లేవాలి, అంతే. బయట మబ్బు పట్టి చీకటైపోయినా సరే, నాన్న "ఇంకా మూడే" అంటే ఆవిడకు మూడే. నేను ఆకాశం చూపించి వాదిస్తే, "సూర్యుడు లేటవుతాడేమో గానీ మీ నాన్న లేటవ్వడే" అనేది. చిన్నప్పుడు ఆ మాటకు పడీ పడీ నవ్వుకునేదాన్ని.

నేను నదికి అవతల ఏక్‌బాల్‌పూర్‌లో ఒక చిన్న బళ్ళో కంప్యూటర్ టీచర్ని. మా బడికి పెద్ద కంప్యూటర్లు కొనే స్తోమత లేదు. అందుకని బోర్డులు తెప్పించారు. ఒక్కొక్కటి సబ్బుబిళ్ళంత ఉంటుంది. దానికి పాత టీవీ ఒకటి తగిలించి, కీబోర్డు గుచ్చి, గోరంత మెమరీ కార్డు పెడితే అదే కంప్యూటర్. పిల్లలు దాంతో బొమ్మలు గీస్తారు, రంగురంగుల చిన్న దీపాలు వెలిగిస్తారు, అట్టముక్కతో చేసిన రైలుగేటును లేపి దించుతారు. ఆ గేటు సంగతి నోరు జారి ఇంట్లో చెప్పాను. అన్నయ్య అప్పటికి రిటైరై, పొద్దు పోక, మా కూరల్లో ఉప్పూ పులుపూ ఎంచుతూ మా ప్రాణాలు తోడేస్తున్నాడు. "గేటా? ఎలగ లెగుత్తంది? ఏటి తగిలించేరు?" అని ఒకటే ప్రశ్నలు. ఆ వారంలోనే ఎలక్ట్రిక్ సామాన్లు అమ్మే చాందినీ బజారుకు పోయి ఒక బోర్డు కొనుక్కొచ్చాడు.

ఇక మా బల్ల మీద కంచం పెట్టుకునే చోటు లేకుండా పోయింది. ఎటు చూసినా వైర్లే. నేను అరిచేదాన్ని. ఆయన చెవిన పెట్టేవాడు కాదు. నన్నే గురువంటూ సతాయించి రెండు మూడు నెలల్లో నాకు తెలియనివి కూడా నేర్చేసుకున్నాడు. చివరికి పాత బిస్కట్ డబ్బాలో బోర్డునూ ఒక చిన్న స్పీకర్‌నూ బిగించి అమ్మ మంచం పక్క గూట్లో పెట్టాడు. తను సందు చివర టీ కొట్టు దగ్గర కబుర్లలో పడినా అమ్మకు వేళ తప్పకూడదని ఆ ఏర్పాటు. పొద్దున ప్రార్థన, టిఫిన్, మధ్యాహ్నం భోజనం, సాయంకాల ప్రార్థన, రాత్రి భోజనం తర్వాత బీపీ మాత్ర. వీటన్నిటికీ తన గొంతుతోనే పిలుపులు రికార్డు చేశాడు. పండగలకు వేరే పిలుపులు. ఈస్టర్ ప్రతి ఏడూ తేదీ మారుతుంది కదా, దాన్ని కూడా బోర్డు చేతే లెక్క కట్టించాడు. "పాస్టరు గారు కేలండరు సూసి సెప్పాల. నా డబ్బా సూడకండా సెప్పేత్తంది" అని ఇల్లంతా తిరిగాడు. అమ్మ మురిసిపోయింది.

ఒక్క సంగతి మాత్రం నేను హెచ్చరించాను. ఈ బోర్డుల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు ఉన్నంతసేపూ నడుస్తాయి. పోయి వస్తే నెట్‌ను అడిగి టైము తెలుసుకుంటాయి. నెట్ కూడా లేకపోతే, ఆఖరుసారి తమ కార్డులో రాసుకున్న టైమే ఇప్పటి టైమనుకుని అక్కణ్ణుంచి లెక్క మొదలుపెడతాయి. అందుకని నాణెమంత బ్యాటరీ ఉన్న గడియారపు ముక్క ఒకటి విడిగా దొరుకుతుంది, అది తెచ్చి గుచ్చమన్నాను.

"దేనికే? నెట్టు ఉంది. నెట్టు పోతే నేనున్నాను కదా, దిద్దుతాను" అన్నాడు అన్నయ్య.

క్రిస్మస్ నక్షత్రం ఇంకా వరండాలో వేలాడుతూనే ఉంది, కొత్త సంవత్సరం వచ్చి పది రోజులైనా కాలేదు. ఒక మధ్యాహ్నం అన్నయ్య టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. సాయంత్రానికి ముందు గదిలో పడుకోబెట్టాం. సంఘం వాళ్ళంతా వచ్చారు. పాస్టర్ గారు వాక్యం చదవడానికి పుస్తకం తెరిచారు. లోపలి గదిలోంచి అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ప్రార్థనకి టైమైంది. రా."

ఎవరో ఆడమనిషి కెవ్వున అరిచింది. కుర్చీలు కదిలాయి. పాస్టర్ గారి చేతిలో పుస్తకం మూతపడింది. నేను లోపలికి పరుగెత్తి ప్లగ్ పీకి పారేశాను. అమ్మ ఆ గదిలోనే మంచం మీద ఉంది. ఏడవడం లేదు. నన్ను ఎగాదిగా చూసి, "ఎందుకు పీకీసేవు? వాడు పిలుస్తంటే?" అంది.

మర్నాడు ఆవిడ సమాధుల తోటకు రాలేదు. ఎంతమంది బతిమాలినా మంచం దిగలేదు. "మీరు ఎల్లండి. ఆడ నాకేటి పని?" అంది. పెట్టె గుమ్మం దాటుతున్నప్పుడు గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత సంఘం వాళ్ళు మా కోసం పెట్టిన ఆదరణ కూటంలోనూ ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. బంధువులు గుసగుసలు పోయారు. నాకు ఒళ్ళు మండి, ఏడుపు చూడాలంటే నన్ను చూడండి, కావలసినంత ఏడుస్తున్నానని అనేశాను.

ఆ తర్వాత ఇల్లు బావురుమంది. అమ్మ వేళకు లేవదు, తినదు. కంచం పెడితే, "టైమైందేటి? ఎవరు సెప్పేరు?" అంటుంది. నేను చెప్పానంటే మూతి ముడుస్తుంది. మాత్ర వేసుకోదు. బతిమాలాను, కోప్పడ్డాను. చివరికి నా గొంతుతో ఫోన్‌లో పిలుపు రికార్డు చేసి పెట్టాను. విని, "కాకిలాగ ఆ కూతేటి? దానికి నేను మందేసుకోవాలా?" అంది. ఆ దుఃఖంలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. మాత్ర మాత్రం వేసుకోలేదు. మనిషి కర్రపుల్లలా అయిపోతోంది. అన్నయ్యతో పాటు అమ్మను కూడా పోగొట్టుకుంటానని నాకు భయం పట్టుకుంది.

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలయ్యాయి. ఒక సెలవు రోజు పొద్దున్నే అమ్మ తనే నోరు విప్పి, "ఓలె, ఆ డబ్బాకి కరెంటు పెట్టు. ఒక్కసారి ఇంటాను" అంది. ఆ గొంతు మళ్ళీ వినే ధైర్యం నాకు లేదు. కానీ అమ్మ ఏదో ఒకటి కావాలని అడిగి ఎన్నాళ్ళయిందో. ప్లగ్ పెట్టాను. నెట్ కనెక్షన్ అన్నయ్య పేరు మీద ఉండేది. ఆయన పోయాక ఎవరూ పట్టించుకోలేదు, ఎప్పుడో ఆగిపోయింది. పాపం ఆ డబ్బాకు టైము చెప్పే నాథుడు లేడు. అది కళ్ళు తెరిచి, తన కార్డులో చూసుకుని, అన్నయ్యను ముందు గదిలో పడుకోబెట్టిన ఆ సాయంత్రమే ఇదనుకుంది. కాసేపటికి ప్రార్థనకు పిలిచింది. అదే నేను మొదట చెప్పిన పిలుపు.

"అమ్మా, అది తప్పు టైము. ఇప్పుడు పొద్దున పదకొండు" అన్నాను.

"మీ అన్నియ్య టైము తప్పు సెప్పడు" అంది అమ్మ. కళ్ళు మూసుకుని కీర్తన ఎత్తుకుంది.

ఆ రోజు నుంచి అమ్మ ఆ డబ్బా టైములోకి వెళ్ళిపోయింది. ఎండ నడినెత్తిన ఉండగా రాత్రి భోజనం చేసేది. మాత్ర వేసుకునేది. మిట్టమధ్యాహ్నం దోమతెర దించుకుని పడుకునేది. రాత్రి నేను మంచం వాల్చుకునే వేళకు లేచి పొద్దుటి ప్రార్థన చేసి, ఉప్మాకు ఉల్లిపాయ తరిగేది. ఉల్లిపాయ వేగే వాసనకు నాకు నిద్ర పట్టేది కాదు. ఒకే ఇంట్లో రెండు కాలాలు. నాకు మార్చి నెల, ఆవిడకు జనవరి. చలికాలమనుకుని చెమటలు కక్కుతూ శాలువా కప్పుకునేది. కానీ తింటోంది, నిద్రపోతోంది, ముఖంలో రక్తం కనిపిస్తోంది. నేనేం అనను?

పైకి చెప్పుకోలేదు గానీ, నేనూ ఆ పిలుపుల కోసం ఎదురుచూసేదాన్ని. ప్రార్థనకు పిలిచే దాంట్లో అన్నయ్య గొంతు వెనకాల యార్డులో గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు ఉంటుంది. పిలుపు వచ్చినప్పుడల్లా, లేని రైలు ఒకటి మా గోడ పక్కనుంచి పోయేది. మాత్రకు పిలిచేది ఇంకా ఘోరం. "అమ్మా, మందేసుకున్నావా?" అని అన్నయ్య అనగానే, దూరంగా వంటింట్లోంచి ఒక ఆడగొంతు, "ఆ బల్ల మీద వైర్లు తీస్తావా, తియ్యవా?" అని అరుస్తుంది. అది నేనే. అన్నయ్య ఉన్న రోజుల్లోని నేను. ఆ నేనెవరో హాయిగా కోప్పడుతోంది, తిట్టడానికి అన్నయ్య ఉన్నాడు కాబట్టి. ఇప్పటి నేను చేతిలో గరిటె పట్టుకుని అదే వంటింట్లో బిగుసుకుపోయి వినేదాన్ని. ఆ వెనకటి నా మీద నాకే కుళ్ళు పుట్టేది.

పక్కింటి బెంగాలీ దీదీకి మా గోడ లోంచి అన్నీ వినిపిస్తాయి. నేను బడికి పోయినప్పుడు అమ్మను కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. ఒక రోజు నా చెయ్యి పట్టుకుని, "మీ అన్న, మా దాదా, ఇంకా పిలుస్తూనే ఉన్నాడు, నువ్వు గయకు పోయి పిండం పెట్టించు" అంది. మేము అలాంటివి చేయించేవాళ్ళం కాదని ఆవిడకు తెలుసు, అయినా మనసాగక అంది. పాస్టర్ గారు వచ్చి ఇంకో రకంగా చెప్పారు. "ఆ డబ్బా తీసేయమ్మా. పోయినవాణ్ణి పోనివ్వాలి. అలా పెట్టుకుంటే అది విగ్రహంలా తయారవుతుంది" అన్నారు. ఆయన మంచివాడే. కానీ నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీరు వచ్చి రోజూ మా అమ్మకు అన్నం తినిపిస్తారా? అయితే ఇప్పుడే తీసేస్తాను" అన్నాను. ఆయన కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు.

బళ్ళో ఆ వారం బోర్డులో తేదీ సరిచేయడం పాఠం. "దీనంతట దీనికి టైము తెలియదు, ఎవరైనా చెప్పాలి" అన్నాను. "ఎవరూ చెప్పకపోతే ఏమనుకుంటుంది మిస్?" అని ఒక పిల్ల అడిగింది. ఆఖరున ఎక్కడ ఉందో అక్కడే ఉన్నాననుకుంటుందని చెప్పబోయాను. రేపు చెబుతానని చెప్పి క్లాసు వదిలేశాను.

చైత్రం రాగానే ఇక్కడ కాల్‌బైశాఖీ అనే గాలివానలు మొదలయ్యాయి. సాయంత్రం అయ్యేసరికి ఆకాశం నల్లగా కమ్ముకొచ్చి, రేకులు ఎగరగొట్టి, గంటసేపు కొట్టి పోతుంది. గాలి లేచిందంటే మా సందులో కరెంటు పోవాల్సిందే. కొన్ని రోజులైతే పగలూ పోయేది. కరెంటు పోయినప్పుడల్లా డబ్బా నోరు మూసుకునేది. అమ్మ ఉన్నచోటే కూర్చుని కదలకుండా ఎదురుచూసేది. కరెంటు రాగానే డబ్బా మళ్ళీ లేచి, కాస్త వెనక్కి పోయి మొదలుపెట్టేది. ఎందుకంటే అది నిమిషనిమిషానికీ టైము రాసుకోదు, గంటకోసారి రాసుకుంటుంది. అయిపోయిన ఘడియ మళ్ళీ వచ్చేది. అన్నయ్య ఒకసారి పిలిచిన పిలుపు మళ్ళీ పిలిచేవాడు.

రెండోసారి ప్రార్థన చేస్తే నష్టం లేదు. అన్నయ్య రెండోసారి మాత్రకు పిలిచేవాడు. అమ్మ రెండోసారీ వేసుకునేది. ఇది నా బుర్రకు తట్టనే లేదు.

ఒక మధ్యాహ్నం దీదీ బడికి ఫోన్ చేసింది. అమ్మ వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయిందని, నుదురు గడపకు కొట్టుకుందని. రెండో హుగ్లీ వంతెన మీద బస్సు నత్తలా నడిచింది. నేను సీట్లో కూర్చోలేక తలుపు దగ్గర నిలబడి, ప్రభువా, ఈ ఒక్కదాన్నీ నాకు ఉంచు అని పైకే అనేశాను. ఎవరెవరో తిరిగి చూశారు. ఇంటికి వెళ్ళేసరికి సందులోని డాక్టరు అమ్మ చేతికి పట్టీ కట్టి బీపీ చూస్తున్నాడు. బాగా పడిపోయింది. "మాత్రలు ఎక్కువ వేసుకుంటున్నట్టున్నారు. ఇంకోసారి ఇలా అయితే నా చేతిలో ఉండదు" అన్నాడు. నేను మాత్రల అట్ట చూశాను, డబ్బాను చూశాను. అప్పుడు అర్థమైంది.

"అమ్మా, వేసుకున్న మాత్ర మళ్ళీ ఎందుకు వేసుకున్నావు?" అన్నాను. కోపం ఆపుకోలేకపోయాను.

"వాడు అడిగేడు కదే. లేదని ఎలాగ సెప్పను?" అంది అమ్మ. నుదుటి మీద కట్టుతో, చిన్నపిల్లలా.

ఇక డబ్బా తీసేస్తే అమ్మ తిండి మానేస్తుంది. ఉంచితే చచ్చిపోతుంది. టైము దిద్దడం ఒక్కటే దారి. బళ్ళో పదేళ్ళ పిల్లలు చేసే పని అది. నా ఫోన్‌లో నెట్ ఒక్క నిమిషం దానికిచ్చినా చాలు, తనంతట తనే దిద్దుకుంటుంది. అయినా నేను రెండు రోజులు దాని చుట్టూ తిరిగాను. మాత్రలు మాత్రం నా సంచిలో వేసుకుని తిరిగాను, వేళకు నా చేత్తోనే ఒకటి ఇచ్చాను. అమ్మ డబ్బా పిలిచేదాకా దాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చునేది.

గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో సిలువ మీది ఏడు మాటల ఆరాధన అయి ఇంటికి వచ్చాను. బట్టలు కూడా మార్చుకోకుండా డబ్బాను బల్ల మీదకు తెచ్చి, టీవీకి తగిలించి, కీబోర్డు గుచ్చాను. తెర మీద జనవరి చివరి వారం కనిపించింది. ముందు కార్డుకు ఒక నకలు తీసి దాచాను, గొంతు పోతే మళ్ళీ దొరకదు కదా. దానికి ఫోన్ నెట్ నేను ఇవ్వలేదు. టైము నా చేత్తోనే చెప్పాలనిపించింది. ఆ రోజు తేదీ, టైము ఒక్కొక్క అంకే కొట్టాను. ఎంటర్ దగ్గర వేలు ఆగిపోయింది.

"ఏటి సేస్తన్నావే?" అంది అమ్మ మంచం మీంచి.

"టైము దిద్దుతున్నాను."

"ఎవరి టైము?"

"అన్నయ్యదమ్మా."

యార్డులో ఇంజన్ కూత పెట్టింది, అది నిజం ఇంజనే. "దిద్దితే పిలుస్తాడా?" అంది అమ్మ.

"పిలుస్తాడు."

"అయితే దిద్దు."

నొక్కాను. జనవరి పోయి ఏప్రిల్ వచ్చింది. నేను కీబోర్డు పక్కకు నెట్టి తల బల్ల మీద పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను. లోకంలో ఆ ఒక్క డబ్బాలోనే అన్నయ్య పోయి ఇంకా నెల కాలేదు. ఇప్పుడు అక్కడ కూడా అంత కాలం గడిచిపోయింది. నా చేత్తోనే గడిపేశాను. అమ్మ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. అన్నయ్య పోయాక ఆవిడ నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

శనివారం చాందినీకి పోయి, నాణెమంత బ్యాటరీ ఉన్న ఆ గడియారపు ముక్క తెచ్చి గుచ్చాను. ఆ సాయంత్రం నిజంగా పొద్దు గూకుతున్న వేళ అన్నయ్య ప్రార్థనకు పిలిచాడు. ఇద్దరం కూర్చున్నాం. అమ్మ కిటికీలోంచి చీకటి పడటం చూసి, మళ్ళీ డబ్బా వైపు చూసి, తలకాయ ఊపింది. వేళకు తిని, ఒకే ఒక్క మాత్ర వేసుకుని పడుకుంది.

మర్నాడు తెల్లవారుజామున నన్ను అన్నయ్యే లేపాడు.

"అమ్మా, లెగు. తెల్లారిపోతంది. నాన్న కాడికి ఎల్దుం. కొవ్వొత్తులు నేను తెచ్చేను."

గబుక్కున లేచి కూర్చున్నాను. అది ఈస్టర్ పిలుపు. ఈస్టర్ తెల్లవారుజామున మా వాళ్ళంతా సమాధుల తోటకు పోయి, మనవాళ్ళ సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి కీర్తనలు పాడతారు. నాన్న పోయినప్పటి నుంచి ఏటా అమ్మను అన్నయ్యే తీసుకెళ్ళేవాడు. క్రిందటేడు ఈ పిలుపు ఒకే ఒక్కసారి వినిపించింది, నేను మరిచిపోయాను. దీని వెనకాల రైలు లేదు, నా అరుపు లేదు, ఏమీ లేదు. ఒట్టి అన్నయ్య గొంతు.

నాన్న పక్కనే ఇప్పుడు ఎవరున్నారో ఆ డబ్బాకు తెలియదు కదా. పోయి దాన్ని ఆపేద్దామా అనుకునే లోపలే లోపలి గదిలో పెట్టె తెరిచిన చప్పుడైంది. అమ్మ తెల్లచీర తీసుకుంటోంది. కట్టుకుని బయటికి వచ్చింది. "కొవ్వొత్తులు ఎక్కడున్నాయే? తెచ్చేనన్నాడు కదా" అంది.

"లేవమ్మా. ఈసారి తేలేదు" అన్నాను.

అమ్మ కొంగు తల మీదకు లాక్కుంది. "సరే. దారిలో కొందుం. బేగి పద" అంది.

తోట గేటు దగ్గర కొవ్వొత్తులు కొన్నాం. లోపల అప్పుడే మసక వెలుతురు, ఎక్కడ చూసినా దీపాలు, బెంగాలీ పాటా తెలుగు కీర్తనా కలిసిపోయి వినిపిస్తున్నాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుని సరాసరి నాన్న సమాధి దగ్గరికి నడిచింది. ఒక కొవ్వొత్తి వెలిగించింది. పక్కన ఇంకా రాయి కట్టని మట్టిగుట్ట, దాని మీద చెక్క సిలువ. ఆవిడ దాని వైపు చూడకుండా చాలాసేపు నిలబడింది. అప్పుడు నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చుంది. రెండో కొవ్వొత్తి మట్టిలో గుచ్చి, అరచేతులు రెండూ గుట్ట మీద ఆనించింది.

"పిలిచేవు కదరా నాయినా. వచ్చేను" అంది.

తర్వాత ఏడ్చింది. జనవరి నుంచీ ఏడవవలసినదంతా ఏడ్చింది. ఎవరెవరో వచ్చారు. నేను రావద్దని చెయ్యి ఊపాను. ఎండ పొడ సిలువ మీదకు వచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

"టైమెంతయిందే?" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నన్ను టైము అడగడం నాకు గుర్తులేదు. ఫోన్ చూసి, ఏడవుతోందని చెప్పాను. అంతలోనే నాకు గుర్తుకొచ్చింది. ఏడుకు పొద్దుటి ప్రార్థన. తాళం వేసిన ఇంట్లో, పలికే మనిషి లేకుండా అన్నయ్య పిలవబోతున్నాడు.

"అమ్మా, పోదాం పద. ఇంటి దగ్గర అన్నయ్య పిలుస్తుంటాడు" అన్నాను.

అమ్మ కదల్లేదు. చెయ్యి ఆ మట్టి మీదే ఉంది.

"పిలవనీ" అంది. "మనం వాడి కాడే ఉన్నాం కదా."